వాడకుండా దాచుకున్న బ్రష్షు

మా పెయింట్ షాపులో గడ్డం ఉన్నవాడికి మాస్కు ఇవ్వరు. మాస్కు లేనివాడికి స్ప్రే బూత్‌లో పని ఉండదు. మాస్కు రబ్బరు అంచు చర్మానికి గట్టిగా అంటుకుని కూర్చోవాలి. మధ్యలో వెంట్రుకలుంటే ఆ సందులోంచి థిన్నర్ ఆవిరి లోపలికి వస్తుంది. అందుకని ఖతర్ వచ్చిన దగ్గర్నుంచీ నేను రోజూ తెల్లవారకముందే లేచి గడ్డం గీసుకుంటున్నాను. ఇష్టంతో కాదు. ఊళ్ళో ఉన్నప్పుడు పెళ్ళికో చావుకో తప్ప రేజరు ముట్టని మనిషిని. ఇక్కడ మాత్రం మొహం రోజూ నున్నగా ఉండాలి, ఆ మొహాన్ని చూసేవాళ్ళెవరూ లేకపోయినా.

రోజూ గీస్తే చర్మం ఏమవుతుందో నన్నడగాలి. దవడ కింద ఎర్రటి పొక్కులు, వాటి మీద చెమట, చెమట మీద రబ్బరు. నా పాత బ్రష్షు ఊరి బస్టాండు పక్కన కొన్న ప్లాస్టిక్ పిడిది. దాని వెంట్రుకలు సగం రాలిపోయాయి, ఉన్న సగం పుల్లల్లా పొడుచుకునేవి. నురగ రాకముందే నా ఓపిక అయిపోయేది. ఆ మాత్రం నురగతోనే గీకేసుకుని బస్సెక్కేవాణ్ణి.

కిందటి సెలవు అయిపోయి నేను తిరిగి బయలుదేరే రోజు, నా భార్య నా చెంప మీద అరచెయ్యి వేసి చూసింది. "ఏంది బావా, ఉప్పుకాయితం లెక్కున్నది" అంది. నవ్వుతూనే అంది, కానీ చెయ్యి తీసేసింది. ఆ చెయ్యి తీసెయ్యడం విమానంలో నాతోపాటు వచ్చింది. నేను పెయింటర్ని, ఉప్పుకాగితంతో ఇనుము రుద్ది రుద్ది బతికేవాణ్ణి. నా మొహమే అట్లా అయిపోయిందంటే మనసు చివుక్కుమనదా?

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాలి. మాకు పెళ్ళయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఒకసారి కడుపు నిలిచి ఏడో నెలలో పోయింది. అప్పుడు నేను ఇక్కడే, బూత్‌లో, మాస్కు పెట్టుకుని ఏదో గేటుకు రంగు కొడుతున్నాను. ఆ తర్వాత ప్రతి సెలవుకూ ఒకటే ఆశతో పోవడం, తిరిగొచ్చాక ఫోన్ మోగినప్పుడల్లా ఆ కబురేనేమోనని ఉరికి ఎత్తడం, మళ్ళీ ఏమీ లేదని తెలుసుకోవడం. ఆ ఆశ గురించి మేమిద్దరం ఎన్నడూ నోరు విప్పి మాట్లాడుకోలేదు. మాట్లాడితే దానికి దిష్టి తగులుతుందని ఇద్దరికీ భయం.

సరే, ఉప్పుకాగితం మాట విన్నాక మంచి బ్రష్షు ఒకటి కొనాలని గట్టిగా అనుకున్నాను. క్యాంపులో ప్రతివాడికీ ఇలాంటి పట్టుదల ఒకటి ఉంటుంది. ఒకడికి ఫోను, ఒకడికి పాటలు వినే స్పీకరు, ఒకడికి బూట్లు. అందరం పొద్దస్తమానం ఎవరి కంపెనీ కోసమో ఒళ్ళు వంచుతాం కాబట్టి, మనకంటూ ఒక మంచి వస్తువు ఉండాలనిపిస్తుంది. నా గది బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో. నాతోపాటు గోదావరి జిల్లా కుర్రాడు ఒకతను ఉండేవాడు, మా కంపెనీ ఆఫీసులో టైంకీపరు. మూడో మంచం బంగ్లాదేశ్ వడ్రంగిది. ముగ్గురి డ్యూటీలూ వేరు కావడంతో ఒకడు లేచేసరికి ఇంకొకడు పడుకునేవాడు. గది ఎప్పుడూ నిండుగానే ఉండేది, మాట్లాడే మనిషి మాత్రం దొరికేవాడు కాదు. శుక్రవారం ఒక్కటే ఆ గోదావరి తమ్ముడికీ నాకూ కలిసొచ్చే సెలవు.

అలా ఒక శుక్రవారం ఇద్దరం బస్సెక్కి పట్నంలో ఉమ్ ఘువైలినా బజారుకు వెళ్ళాం. అక్కడ ఒక మలయాళీ సేటు కొట్టు ఉంది. అత్తర్లు, నూనెలు, దువ్వెనలు, వాటి పైన అద్దాల బీరువాలో షేవింగు సామాన్లు. నేను ఫోన్‌లో వీడియోలు చూసి చూసి అప్పటికే సగం పండితుణ్ణయ్యాను. బ్రష్షుల్లో పంది వెంట్రుకలవి చవక, గట్టిగా ఉంటాయి. నైలాన్‌వి ఉంటాయి, కొన్ని బాగానే ఉంటాయట, కానీ నైలాన్ అంటే నాకు గోడకు సున్నం వేసే బ్రష్షే గుర్తొస్తుంది. అన్నిటికన్నా మేలు బ్యాడ్జర్ వెంట్రుకలది. బ్యాడ్జర్ అంటే చలిదేశాల్లో బొరియల్లో బతికే జంతువు. బొమ్మ చూస్తే మొహం మీద తెల్లచారలతో మన ముంగిసకు పెద్దన్నలా ఉంది. దాని వెంట్రుక నీళ్ళను పట్టి ఉంచుతుంది, తడి ఎక్కువసేపు నిలుస్తుంది, నురగ మెత్తగా వస్తుంది.

పంది బ్రష్షు నేను మొదటే వద్దనుకున్నాను. మా వడ్రంగి నమాజు తప్పని మనిషి, మా వాష్‌బేసిన్ పైన ఉన్నది ఒకటే అర. ఆయన సబ్బు పక్కన పంది వెంట్రుకలు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అందుకే చూసిన ప్రతి బ్రష్షుకూ ముందు అదే అడిగేవాణ్ణి. సేటు విసుక్కోకుండా చెప్పేవాడు. "ఖంజీర్ మాఫీ, భాయ్. వల్లా మాఫీ." పంది కాదయ్యా, ఒట్టు, అని.

బీరువాలో బ్యాడ్జర్‌వి మూడు రకాలున్నాయి. పై వరుసలోవి కొసలు వెండిలా తెల్లగా మెరిసేవి. వాటి ధర వినగానే నేను వాటిని చూడటం మానేశాను. మధ్యవి కాస్త తక్కువ. కింది వరుసలో ఉన్నవి ముదురు బూడిదరంగువి, ఆ జంతువు ఒంటి మీద మామూలు చోట కత్తిరించిన వెంట్రుకలతో చేసినవి, కొంచెం గరుకు. నా స్తోమతకు అందేవి అవే. కానీ అందుబాటులో ఉన్నవాటిలోనే మంచిది ఏరుకోవడం నాకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. స్ప్రే గన్ పట్టకముందు నేను చేత్తో రంగులు వేసినవాణ్ణే. ఒక్కొక్క బ్రష్షూ తీసి వేలితో కొసలు అటూ ఇటూ వంచాను, వంచినది మళ్ళీ నిటారుగా లేస్తుందో లేదో చూశాను. వెంట్రుకలు విడదీసి లోపల జిగురు సరిగ్గా పట్టిందా అని చూశాను. అరచేతిలో పెట్టి నొక్కాను. ఒకటి బాగుంటే పిడి జారుతోంది, పిడి బాగుంటే కుచ్చు పలచగా ఉంది. ఏదీ కొనకుండా బయటికొచ్చాం.

తర్వాతి శుక్రవారం మళ్ళీ వెళ్ళాం. ఆ తర్వాతిదీ. గోదావరి తమ్ముడు ఒకనాడు కొట్టు బయట టీ తాగుతూ అన్నాడు. "అన్నా, పెళ్ళిచూపులకి కూడా నేను ఇన్నిసార్లు వెళ్ళలేదండి. రెండోసారికే ఊఁ అనేశాను."

"నీకేం తమ్మీ, పిల్ల నీ మొఖం మీద రోజు రుద్దుకునేది గాదు" అన్నాను.

అతను పగలబడి నవ్వాడు. నిజం చెప్పాలంటే నేను బ్రష్షు కోసం ఎంత తిరిగానో, ఆ టీల కోసమూ, ఆ నవ్వు కోసమూ అంతే తిరిగాను. కొనేస్తే శుక్రవారాలు మళ్ళీ ఖాళీ అయిపోతాయి కదా అని లోపల ఒక మూల ఉండేది.

చివరికి కింది వరుసలోనే, వెనక ఎక్కడో దాగిన ఒకటి దొరికింది. నల్లటి పిడి, పొట్టిగా, చేతిలో కుదురుగా కూర్చుంది. కుచ్చు ఒత్తుగా ఉంది. సేటు కొంచెం తగ్గించాడు, నేను కొంచెం పెంచాను, బేరం కుదిరింది. గదికి తెచ్చి ఆ సాయంత్రమే మగ్గులో సబ్బునీళ్ళు పోసి, మూతపెట్టి నానబెట్టాను. కొత్త బ్రష్షు అలా నానితే గాని దాని వాసన పోదట. మూత తీయగానే గదంతా వానలో తడిసిన మేకపిల్ల వాసన. తమ్ముడు ముక్కు మూసుకుని "అన్నా, ఇది బ్రష్షా, బతికే ఉందా?" అన్నాడు. కడిగి ఆరబెట్టి, మర్నాడు పొద్దున్న దానితో మొదటి షేవింగు అని పెట్టుకున్నాను. పండగ ముందు రోజు చిన్నపిల్లల్లా హుషారుగా పడుకున్నాను. పడుకున్నానే కానీ అది మంచాన ఒంటరిగా ఉన్నవాడి హుషారు. దాన్ని చెప్పుకోవడానికి ఎవరికైనా ఫోన్ చేద్దామంటే, బ్రష్షు కొన్నానని ఎవరికి చెబుతాం?

మర్నాడు వేడినీళ్ళు పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. బ్రష్షు నీళ్ళలో ముంచాను కూడా. ఫోన్ మోగింది. నా భార్య అంత పొద్దున్నే చేయదు.

"బావా, డ్యూటీకి పోయినవా?"

"లేదు. ఏమైంది?"

అవతల తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత మెల్లగా చెప్పింది. "నెల తప్పిన. నిన్న దవాఖానకు పోయినం. డాక్టరమ్మ అవునన్నది. ఎవ్వరికి చెప్పకు."

ఊఁ అన్నాను, అంతే.

"ఇంకోటి" అంది. "అమ్మ చెప్పమన్నది. ఇగ గడ్డం తియ్యకు."

మా వైపు భార్య కడుపుతో ఉంటే మగవాడు గడ్డం, జుట్టు తీయించుకోడు. కాన్పు అయ్యేదాకా అంతే. నేను గుళ్ళకు తిరిగే మనిషిని కాను, వారాలూ వర్జ్యాలూ చూసుకునేవాణ్ణీ కాను. కిందటిసారి కడుపు పోయినప్పుడు మా అత్త ఎవరితోనో "అల్లుడు గడ్డం తీసుకుంటనే ఉండె" అందని నాకు తెలిసింది. ఆ మాట నేను నమ్మలేదు. నమ్మకపోయినా అది నాలోంచి పోలేదు కూడా. బ్రష్షును నీళ్ళలోంచి తీశాను, విదిలించాను, తువ్వాలుతో అద్దాను. పూర్తిగా ఆరాక డబ్బాలో పెట్టి నా ఇనప బీరువాలో, చొక్కాల కింద దాచాను. అన్ని శుక్రవారాలు తిరిగి కొన్న వస్తువు ఒక్కసారైనా నా చెంప తాకకుండా లోపలికి పోయింది. నాకే నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

రెండు రోజుల్లోనే మా ఫోర్‌మన్ నన్ను పట్టుకున్నాడు. తమిళాయన, మాతో మాట్లాడేది హిందీ. నా దవడ వంక చూపించి, "క్యా హువా? బ్లేడ్ మాఫీ?" ఏమైంది, బ్లేడు లేదా, అన్నాడు. ఇప్పుడు తీయను సార్ అన్నాను. "మాల వేసుకున్నావా? ఇది శబరిమల సీజను కాదే" అన్నాడు. కాదన్నాను. మరి ఎందుకు అంటే చెప్పలేదు. ఎవ్వరికీ చెప్పకు అంది కదా. చెబితే ఆయన ఏమీ అనకపోవచ్చు, ఆయనకీ పిల్లలున్నారు. కానీ ఆ మాట నా నోట్లోంచి బయటికి వస్తే అదెక్కడ జారి పగిలిపోతుందో అనిపించింది. "రూల్ రూలే. యల్లా, సైటుకు పో" అన్నాడు ఆయన.

నన్ను బూత్ నుంచి తీసేసి మెసైమీర్ సైటులో వేశారు. అక్కడ మా కంపెనీ కట్టిన గోదాముల చుట్టూ ఇనప కంచె, మెట్ల రెయిలింగులు, తలుపులు. గీతలు పడ్డచోటల్లా చిన్న బ్రష్షుతో రంగు అద్దుకుంటూ పోవడం నా పని. పొద్దున్న బస్సు దింపుతుంది, సాయంత్రం ఎక్కించుకుంటుంది. మధ్యలో నేనూ, కంచే. బూత్‌లో మాస్కుల్లోంచి అరుచుకుంటూ పనిచేసే నలుగురు ఉండేవాళ్ళు. ఇక్కడ గేటు దగ్గర నేపాలీ సెక్యూరిటీ అతను ఒక్కడు, అతనూ పొద్దున ఒకసారి చెయ్యెత్తితే మళ్ళీ సాయంత్రమే. నాలో నేనే మాట్లాడుకోవడం అక్కడే అలవాటైంది. ఎండలు ముదిరాక మధ్యాహ్నం పని ఆపేవాళ్ళు, ఆ గంటలు నీడలో అట్టముక్క పరచుకుని పడుకుంటే గడ్డంలో చెమట పాకేది. గోక్కుంటే గోళ్ళలో ఎండిన రంగు వచ్చేది.

గడ్డం పెరిగేకొద్దీ నన్ను చూసే తీరు మారింది. కొట్లో కుర్రాళ్ళు నాకు సలాం చెప్పడం మొదలుపెట్టారు. ఒకరోజు బస్టాపులో పఠాన్ పెద్దాయన ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, నమాజుకు టైమైంది పద అన్నాడు. నేను హిందువుని చాచా అంటే ఆయన నవ్వి, అయినా గడ్డం బాగుంది అని వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి బరువు నాకు బస్సొచ్చేదాకా భుజం మీద ఉన్నట్టే ఉంది. అప్పటికి నన్ను ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్ళయిందో.

సాయంత్రం గదికి రాగానే వీడియో కాల్. కడుపు సంగతి మేము మాట్లాడం. తను ఫోన్ మొహం దాటి కిందికి దించదు, నేను దించమని అడగను. తను అడిగేది ఒకటే.

"గడ్డం సూపియ్."

నేను దీపం కిందికి వెళ్ళి మొహం అటూ ఇటూ తిప్పేవాణ్ణి. తను కళ్ళు దగ్గరికి తెచ్చుకుని చూసేది. "నిన్నటికంటె పెరిగింది" అనేది. "అవును, మంచిగనే పెరుగుతున్నది" అనేవాణ్ణి. "దురద పెడుతున్నదా?" "రాత్రి కొంచెం." "నాక్కూడ రాత్రే." అంతే మా మాటలు. నా గడ్డం బాగుందంటే లోపల బిడ్డ బాగుందని తను చెప్పినట్టు, పెరిగిందంటే పెరుగుతోందని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మొహాన్ని తను రోజూ అంత శ్రద్ధగా చూసింది ఆ నెలల్లోనే.

గోదావరి తమ్ముడికి మాత్రం నేను చెప్పకపోయినా అర్థమైంది. ఒక శుక్రవారం టీ తాగుతూ, "మా చర్చివాళ్ళలో ఇలాంటివి లేవండి. అయినా మీరు తీయకండి అన్నా. నేను ప్రార్థనలో పెడుతున్నాను" అన్నాడు. ఏ సంగతి అని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. ఎండాకాలం మధ్యలో అతన్ని ఉత్తరాన ఇంకో సైటుకు మార్చారు, క్యాంపూ మారింది. పరుపు చుట్టి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా గడ్డం పట్టుకుని ఒకసారి లాగాడు. ఆ తర్వాత నేను ఉమ్ ఘువైలినా వెళ్ళలేదు. ఒక్కణ్ణే వెళ్ళి ఏం కొనాలి, ఏం తాగాలి?

ఏడో నెల వచ్చింది. ఆ నెలంతా నేను మనిషిలా లేను. తను ఫోన్ ఎత్తడం ఒక్క నిమిషం ఆలస్యమైతే మళ్ళీ మళ్ళీ చేసేవాణ్ణి. "గడ్డం సూపియ్" అని తను అనగానే గుండెల్లోంచి గాలి వదిలేవాణ్ణి. ఒకసారి గడ్డంలో రంగు అంటుకున్న కొస ఒకటి కత్తిరించాలని కత్తెర పట్టుకుని, మళ్ళీ పక్కన పెట్టేశాను. ఆ రంగు తునక పెరుగుతూ పెరుగుతూ కిందికి దిగింది. తను దాన్ని కూడా గుర్తుపట్టింది. ఆ నెల గడిచింది. తర్వాతి నెలా గడిచింది.

చలిగాలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. వడ్రంగి సెలవు మీద దేశం వెళ్ళాడు, తమ్ముడి మంచంలోకి ఇంకా ఎవరూ రాలేదు, గదిలో నేనొక్కణ్ణే. కూర్చోలేను, నిలబడలేను. మంచం చుట్టూ ఎంత తిరిగినా చెప్పుకోవడానికి గోడలే. చివరికి ఫోన్ మోగింది. చేసింది మా అత్త. ఆమె నాకు ఫోన్ చేయదు. మంచం అంచు పట్టుకుని ఎత్తాను.

"అల్లుడా, ఆడపిల్ల. తల్లి, బిడ్డ ఇద్దరు మంచిగున్నరు" అంది.

"మల్లొక్కసారి చెప్పున్రి అత్తా" అన్నాను. ఆమె మళ్ళీ చెప్పింది. ఇంకోసారి అడిగితే ఇంకోసారి చెప్పింది, పాపం.

బిడ్డను రేపు పొద్దున వీడియోలో చూపిస్తామన్నారు. నేను బీరువా తెరిచి డబ్బా తీశాను. నా కూతురు మొదటిసారి చూసే నాన్న మొహం శుభ్రంగా ఉండాలి అనుకున్నాను, ఎండలో మాడిన పిచ్చివాడిలా కాదు. ముందు కత్తెరతో గడ్డం పొట్టిగా చేశాను. తర్వాత బ్రష్షు వేడినీళ్ళలో నానబెట్టి, సబ్బు మీద తిప్పాను. వీడియోల్లో చెప్పింది అబద్ధం కాదు. తిప్పుతుంటే పాలమీగడలా చిక్కటి నురగ లేచింది. చెంపల మీద రుద్దితే మొదట కాస్త గరుకు, ఆ వెంటనే మెత్తదనం, వెచ్చదనం. రెండు మూడు వెంట్రుకలు ఊడాయి, కొత్తదానికి అది మామూలే. తొందరపడకుండా గీశాను. ఒక్క గాటు పడలేదు, ఒక్క పొక్కు లేవలేదు. చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఈసారి తను చెయ్యి తీసెయ్యదు అనుకున్నాను. ఆ సంతోషంలో నాకు నేనే అద్దంలో దండం పెట్టుకున్నాను.

పొద్దున్నే వీడియో కాల్ వచ్చింది. దవాఖాన మంచం మీద తను, జుట్టు చెదిరి, మొహం వాచి. నన్ను చూడగానే నవ్వబోయి ఆగిపోయింది.

"ఎప్పుడు తీసినవ్?"

"నిన్ననే. మీ అమ్మ చెప్పంగనే."

"ఎవ్వర్నడిగి తీసినవ్?"

"కాన్పు అయినంక తియ్యొచ్చు గద."

"బిడ్డ సూడొద్దా?" అంది. "నేను మోసింది ఇంట్ల అందరు సూసిన్రు. నువ్వు మోసింది నీ మొఖం మీదనే గద కనవడేది. పురుడు నాడు బిడ్డను ఎత్తుకొని, అగో మీ నాయిన, నీకోసమని గిట్లయిండు అని సూపియ్యాల్నని ఎన్ని దినాలసంది అనుకుంటున్ననో ఎరుకేనా?"

"మల్ల పెంచుత" అన్నాను.

"ఇప్పుడు పెంచితే అది ఉత్త గడ్డమే గద బావా" అని ఏడ్చింది. ఇన్ని నెలల్లో తను ఏడవగా నేను చూడలేదు. నేనూ ఏడ్చాను. నున్నటి చెంపల మీద నీళ్ళు ఎక్కడా ఆగకుండా జారిపోయాయి.

కాసేపటికి తను ముక్కు తుడుచుకుని ఫోన్ పక్కకు తిప్పింది. పాత చీర గుడ్డలో చుట్టిన బిడ్డ, పిడికిళ్ళు బిగించి నిద్రపోతోంది. "సూసినవా, ముక్కు నీదే" అంది. నిజంగా నాదే. ఎవరికైనా చూపిద్దామని ఫోన్ పట్టుకుని గభాలున పక్కకు తిరిగాను. గదిలో ఎవరూ లేరు.